మెల్లగా నడవమనే కిషన్‌లాల్

కిషన్‌లాల్‌కు ఎదుటి మనిషి మొహం కంటే పాదాలే ముందు కనిపిస్తాయి. ఎవరైనా గట్టిగా అడుగు వేస్తే అతని ప్రాణం విలవిల్లాడుతుంది. అతని పక్కింటివాణ్ణి గనుక నేను మా ఇంట్లో కూడా మునివేళ్ల మీదే తిరుగుతాను.

చర్ల రోడ్డు పక్కన, మా తండా చివర, భూకంపాలను కొలిచే కేంద్రం ఉంది. కంచె లోపల చిన్న గది. గది వెనక గుంతలో ఉన్న యంత్రం నేల కదలికను పట్టుకుంటే, గదిలోని తెర మీద అది గీతగా కనిపిస్తుంది. కిషన్‌లాల్ దానికి కాపలాదారు. గీత తిన్నగా సాగితే అతనికి పండగ. కంచె పక్కన మేక దూకినా గీత వంకరపోతుంది.

అందుకని మేకల దారి మళ్లించాడు. ట్రాక్టరు వస్తే ఇంజన్ ఆపించి, తనే వెనక నుంచి తోశాడు. మా మేనల్లుడి పెళ్లి ఊరేగింపులో డప్పులు ఆపించి, పెళ్లికొడుకుతో సహా అందరినీ చెప్పులు విప్పించి నడిపించాడు. ఆడపెళ్లివారు అదేదో గుడి అనుకుని దండాలు పెట్టుకున్నారు.

పోయిన చలికాలంలో నిజంగానే భూమి కంపించింది. గిన్నెలు దొర్లాయి గానీ ఎవరికీ దెబ్బ తగల్లేదు. ముసలి రూప్లి మాత్రం ఇంట్లోకి వెళ్లనంది. నేల ఇంకా ఊగుతూనే ఉందని మంచం బయట మంచులోనే వేసుకుంది. కొడుకు బతిమాలాడు, నేను చెప్పి చూశాను. దగ్గు పట్టుకుంది, అయినా వినలేదు.

చివరికి కిషన్‌లాల్ వచ్చి, ఎవరినీ అడుగు పెట్టనివ్వని ఆ గదిలోకి ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు. వెనకే నేనూ వెళ్లాను. తెర మీద గీత తిన్నగా ఉంది.

"సూడు యాడీ, భూమి పండుకున్నది," అన్నాడు. మా తండాలో యాడీ అంటే అమ్మ.

"నీ మిషినే పండుకున్నదేమో," అంది రూప్లి.

కిషన్‌లాల్ ఒకసారి తెర వంక, ఒకసారి ఆమె పాదాల వంక చూశాడు.

"అయితే దుంకు," అన్నాడు.

నా చెవులను నేనే నమ్మలేదు. రూప్లి భయపడుతూనే కాలు నేలకేసి కొట్టింది. గీత ఎగిరింది. ఈసారి కడియాలు మోగేలా కొట్టింది. గీత ఇంకా పైకి ఎగిరింది. ఆమెకు హుషారొచ్చి అతన్నీ దూకమంది. కిషన్‌లాల్ కళ్లు గట్టిగా మూసుకుని దూకాడు.

ఇద్దరూ ఆగాక గీత మళ్లీ తిన్నగా పడుకుంది.

"మళ్ల వస్తదో రాదో నేను చెప్పలేను యాడీ. ఇప్పుడైతే భూమి ఊగుతలేదు. వణికేది నీ కాళ్లే."

రూప్లి కాసేపు తెరనే చూసి, మంచం లోపల వేయించుకుంటానని కొడుకును వెతుక్కుంటూ వెళ్లిపోయింది.

ఇంతలో, ఆ గీతను దూరం నుంచే చూస్తుండే పెద్దాఫీసు నుంచి ఫోన్. అక్కడ ఏం జరుగుతోందని అడిగారు. తండావాళ్లు ధైర్యం తెచ్చుకుంటున్నారని చెప్పి కిషన్‌లాల్ ఫోన్ పెట్టేశాడు. బయట చూస్తే, రూప్లి సంగతి విని వచ్చిన సగం తండా కంచె దగ్గర నిలబడి ఉంది. కిషన్‌లాల్ వాళ్ల పాదాల వంక చూసి నిట్టూర్చాడు. గేటు బార్లా తీశాడు.

"ఒక్కొక్కలే రాండ్రి," అన్నాడు. "మంచిగ దుంకుర్రి."