కిళర్చి ఎంతసేపు ఉంటుంది?

ఈ రోజు వేలూరులో మా అమ్మాయి భారతి డాక్టరేట్ పరీక్ష. మా ఊరు గుడియాత్తం నుంచి పోయి వెనక వరుసలో కూర్చున్నాను. పరమాణువు నడుమ ఉండే కేంద్రకాల మీద ఆరేళ్లు పని చేసింది నా బంగారు తల్లి. ఏడో తరగతి చదివిన నాకేం అర్థమవుతుందిలే అని, ఏం చదువుతున్నావని నేను ఒక్కసారీ అడగలేదు.

పరీక్షించే పెద్దాయన తమిళంలో మాటిమాటికీ "కిళర్చి" అంటున్నాడు. మా మగ్గాల వీధిలో ఆ మాటకు తిరుగుబాటు అని అర్థం. మా అమ్మాయి ఏ గొడవలో ఇరుక్కుందో అని భయపడ్డాను. చివర్లో ఎవరైనా ప్రశ్న అడగవచ్చన్నారు. లేచాను.

"ఏమ్మా, ఆ కిళర్చి ఎట్ల అణుగుతాది?"

అందరూ నవ్వారు. భారతి నవ్వలేదు.

"ఇది తిరుగుబాటు కాదు నాయనా. కేంద్రకానికి దెబ్బ తగిలితే ఎగిరిపడతాది, మా చదువులో దాన్నే కిళర్చి అంటారు. అణిగేటప్పుడు గామా కిరణం ఇడుస్తాది. దాన్ని కొలిచి, లోపల ఎట్లుండాదో కనుక్కుంటాము."

"ఎంతసేపు ఎగిరిపడతాది?"

పెద్దాయన పెన్ను కింద పెట్టాడు. "అయ్యా, నేను రాసుకున్న ప్రశ్న కూడా అదే!"

"కన్ను మూసి తెరిచే సేపును కోటి ముక్కలు చేస్తే, అందులో ఒక ముక్క కూడా ఉండదు నాయనా."

ఆ జవాబు ఆయనకు చెప్పవలసింది. నా వైపే చూస్తూ చెప్పింది.

డాక్టర్ భారతి అని ప్రకటించినప్పుడు బాగా ఏడ్చాను. మీ పిల్లలు ఏం చదువుతున్నారో మీరైనా అడిగారా, లేక నాలాగే భయపడి ఊరుకున్నారా?