రాటకు కట్టిన చీర అంచు

“నానెక్కను. ఆ పట్టీ ఏటే? మనిషిని కట్టీడానికా?”

“కట్టీడం కాదు మామ్మా, బెల్టు. కుర్సీలోంచి జారిపోకుండా.”

“జారిపోతానని నీకెవులు సెప్పినారే?”

“నడవలేనోల కోసమే రేపు పొద్దున్న ఊరు తిప్పుతన్నారు. మూడు లాంతర్లు, గంటస్తంభం, కోట. ఒక్క మెట్టెక్కక్కర్నేదు. నీ పేరు రాయించీసినాను.”

“ఆ కోట కాడికి నన్నెవులూ తీసుకెల్లక్కర్నేదు.”

మనవరాలు లావణ్య మూతి ముడుచుకుని లోపలికి పోయింది. వరండాలో నేనూ, కొత్త రబ్బరు వాసన వేస్తున్న చక్రాల కుర్చీ మిగిలాం. దాని నడుముపట్టీని కంటికి కనబడకుండా కుర్చీ వెనక్కి తోసేశాను.

చిన్నప్పటి మాట. నాకు తొమ్మిదేళ్లు, చెల్లెలు నరసమ్మకు ఆరు. జ్వరమొచ్చి దాని కాళ్లు రెండూ చచ్చుబడ్డాయి. అమ్మ పొలం పనికి పోతే ఎత్తుకోవలసింది నేనే. నా చదువు మూడో తరగతితో ఆగింది అందుకే. అమ్మ పాతచీర అంచు చింపి ఇస్తే, దాంతో దాన్ని వీపుకు కట్టుకుని విజయనగరమంతా తిరిగేదాన్ని. మూడు లాంతర్ల కూడలిలో బెల్లం పాకం వాసన, గంటస్తంభం కింద తడిపిన మల్లెల బుట్టలు, కోట కందకంలో నాచు, అన్నీ అది నా భుజం మీంచే చూసింది. అక్కను కదా, నన్ను అప్పా అనేది; “అప్పా, అటు తిరుగు” అంటే అటు తిరిగేదాన్ని.

ఆ ఏడు దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను సంబరం. ఆకాశంలోకి లేచిన పొడవాటి మాను కొసన పూజారి కూర్చుంటే గుడి నుంచి కోటదాకా మూడుసార్లు తిప్పుతారు. జనం అరటిపళ్లు విసురుతారు. కింద పడ్డవి కాళ్ల కింద నలిగిపోతుంటే నాకు ప్రాణం ఒప్పలేదు. వీపున చెల్లెలుంటే వంగలేను. కోట ఎదుట ఒక కొట్టు పందిరి రాటకు దాన్ని ఆనించి, ఒరిగిపోకుండా ఆ చీర అంచుతోనే నడుము చుట్టూ కట్టి, రెండు ముడులు వేశాను.

పరికిణీ ఒడినిండా పళ్లేరి తలెత్తేసరికి కోట ముందు మాను వెనక్కి మళ్లుతోంది. జనం ఒక్కసారిగా వెనక్కి విరుచుకుపడ్డారు. పందిరి ఒరిగింది. “అప్పా! ముడిప్పు!” అని కేక. పళ్లు పారబోసి మోచేతులతో తోసినా అడుగు ముందుకు పడలేదు. కాసేపటికి కేక ఆగిపోయింది.

జనం పలచబడ్డాక చూస్తే, ఖర్జూరం అమ్మే ముసలమ్మ రాటకు రెండు చేతులూ ఆనించి, చెల్లెలి మీదికి వంగి నిలబడి ఉంది. ఆమె వీపంతా దోక్కుపోయింది.

“మనిషిని పసువునాగ కట్టీసి పోతావేటే, సచ్చినదానా!”

చెల్లెలు కళ్లు తెరిచే ఉంది. కట్టింది నేనని అది అమ్మతో చెప్పలేదు; పోయినేడు కన్నుమూసేదాకా ఎవరితోనూ చెప్పలేదు. నడుముకు మాత్రం మళ్లీ గుడ్డ కట్టనివ్వలేదు, నా మెడ పట్టుకుని వేలాడేది. చివరి రోజుల్లో ఒకసారి, “కోట లోపల ఏటుందో మనం సూడనేదు గదప్పా” అంది.

లావణ్యతో ఆ మాటలైన మర్నాడు పొద్దున్నే, పట్టీ పెట్టుకోకుండానే కుర్చీలో కూర్చున్నాను. లావణ్య వెనక నుంచి తోసింది. మూడు లాంతర్ల దగ్గర పాకం వాసన లేదు. కోట ఎదుట ఆ కొట్టూ పందిరీ లేవు, మోటారు సైకిళ్లు నిలబెట్టారు. గుమ్మం దగ్గర చక్రాల కోసం వేసిన వాలు ఎక్కుతుంటే కుర్చీ వెనక్కి వాలింది. ఆగమన్నాను.

“నన్నొగ్గీసి ఎక్కడికీ ఎల్లవు గదే?”

“ఎల్లను మామ్మా.”

పట్టీ నేనే పెట్టుకున్నాను. లోపలికి తొయ్యమన్నాను.