చెవితో వండే మనిషి

ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పొద్దుటి వంట చేసే ఆయన్ని అందరూ కరకర అని పిలిచేవారు. ముప్పై ఏళ్ళుగా ఆయన వేయించిన బేకన్, అదే పల్చటి పంది మాంసం ముక్క, పంటి కింద అలా విరిగేది మరి. ఆయన కిటుకు ఒక్కటే. కంటితో చూసి తీయడు, గడియారమంటే మరీ చిన్నచూపు. పొయ్యికి వీపు పెట్టి నిలబడి వింటాడు. ముక్కలో నీరున్నంతసేపు గోల చేస్తుంది, నీరు ఇగిరిపోగానే గొంతు తగ్గిస్తుంది. "అరిచినంతసేపూ పచ్చిదే" అని కొత్తవాళ్ళకు పాఠం చెప్పేవాడు.

అలాంటివాడి ప్లేట్లు నెల రోజులుగా వెనక్కి వస్తున్నాయి. ముక్కలు మెత్తగా సాగుతున్నాయట. మేనేజరు రెండుసార్లు పిలిచినా ఈయన పలకలేదు. చివరికి మేనేజరే చీటీ రాసి ఈయన చేతిలో పెట్టాడు: సోమవారం ఒక ట్రే చేసి చూపించండి, కుదరకపోతే గిన్నెలు కడిగే వైపు వెళ్ళండి.

ఆదివారం ఇంట్లో ఓవెన్ ముందు చతికిలబడ్డాడు. ట్రేలో ఫాయిల్ పరిచి, ముక్కలు ఒకదానికొకటి తగలకుండా పేర్చి, చల్లటి ఓవెన్‌లోనే పెట్టి వేడి పెంచాడు. తలుపు దగ్గర చెవి పెట్టాడు. కాసేపు ఏదో చిటపట, తర్వాత అదీ లేదు. తీసి చూస్తే ముక్క గుడ్డపీలికలా వేలాడింది. రెండో ట్రే కూడా అంతే.

"పాడు ఓవెన్! వేడే పట్టట్లేదు" అని దాన్ని తిట్టిపోశాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వ్యవహారం.

మూడో ట్రే తీయబోతుంటే భార్య వచ్చి చెయ్యి పట్టుకుంది. ఆమె పెదవులు కదిలాయి.

"గొణక్కుండా చెప్పు" అన్నాడు.

ఆమె ఆయన చెవిలో అరిచింది. "ఇంకా కాలేదు! లోపల అంత గోలగా ఉంటే వినపడట్లేదా మీకు?"

"ఎప్పుడో ఆగిపోయిందిగా?"

ఆమె ఆయన్నే చూస్తూ కూలబడిపోయింది.

వయసు మీద పడ్డాక భార్య నోరు నెమ్మదించిందని ఏడాదిగా ఆయన లోలోపల మురిసిపోతున్నాడు. ఆమె పెదవులు కదిలినప్పుడల్లా "ఆ, అలాగే" అంటే చాలు, రోజు గడిచిపోయేది.

"నామీద కోపమనుకున్నానండీ" మళ్ళీ చెవిలోనే అరిచింది. "బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటుంటే ఇంకేమనుకోను? అక్క పోయినప్పుడు మీతో ఎంత చెప్పుకున్నానో! దానికీ ఆ, అలాగే అన్నారు."

ఆయనకు ప్రాణం చివుక్కుమంది. అప్పుడు ఆమె ఏడుస్తూ ఏదో చెప్పడం గుర్తుంది. ఏం చెప్పిందో మాత్రం తెలియదు.

ఓవెన్‌లో గొంతు తగ్గగానే ఆమె ఆయన భుజం తట్టింది. ఈసారి ముక్క పుటుక్కున విరగడం ఆయన కళ్ళారా చూశాడు.

"రేపు గడియారం పెట్టుకుంటాలే" అన్నాడు. ముప్పై ఏళ్ళ పొగరు ఆ ఒక్క మాటతో పోయింది. "అక్క గురించి చెప్పావే, మళ్ళీ చెప్పు" అని అడిగాడు.

ఆమె చెప్పసాగింది. అవి అరిచి చెప్పుకునే మాటలు కావు. తల వంచుకుని, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నెమ్మదిగా చాలాసేపు చెప్పింది. ఆయన ఆ పెదవులనే చూస్తూ కూర్చున్నాడు. అవి ఒక్క క్షణం ఆగాయి.

"ఆ, అలాగే" అన్నాడు అలవాటుగా.

ఆమె ఇంకేమీ చెప్పలేదు.