నూట ఇరవై ఆరు ప్రాజెక్టుల సాలమ్మ

సాలమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా రెండువేల తొమ్మిదిలో నాచారంలోని ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఆమె వేలు కదిపితేనే మొదలయ్యేది. ఇందులో ఏమైనా గొప్పలు ఉంటే అవి సాలమ్మవే, నావి కావు.

ఆ ఆఫీసువాళ్లు దవాఖానాలకు సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు. మందుల కొట్టుకో ప్రాజెక్టు, ఎక్స్‌రే గదికో ప్రాజెక్టు అంటూ పెంచి పెంచి నూట ఇరవై ఆరు చేశారు. అన్నింటినీ కలిపి ఒకే మూట కట్టారు. ఎవరు ఏ చిన్న పని చేయాలన్నా ఆ మూటంతా విప్పాల్సిందే, దానికి నలభై నిమిషాలు పట్టేది. పోనీ విప్పి వదిలేద్దామంటే సాయంత్రం కరెంటు మెయిన్ స్విచ్ కట్టేసి పొమ్మని ఓనరు హుకుం. అందుకని సీనియర్ తిరుపతి, పొద్దున ఏడింటికే ఊడవడానికి వచ్చే సాలమ్మకు పదకొండు కంప్యూటర్లు ఆన్ చేసి, ఒక్కోదాంట్లో పసుపుపచ్చ బొమ్మ మీద రెండుసార్లు నొక్కడం నేర్పాడు. ఆమె మూడో గది ఊడ్చేసరికి అన్నీ తెరుచుకుని ఉండేవి.

స్టీలు గ్లాసు ఏర్పాటు కూడా తిరుపతిదే. ఇద్దరు ఒకేసారి తాము రాసిన కోడ్‌ను మూటలో కలిపితే గొడవ కనుక, గ్లాసు ఎవరి బల్ల మీద ఉంటే వాళ్లే కలపాలి. ఆ గ్లాసును రోజూ తోమేది సాలమ్మే.

బోడుప్పల్‌లో ఉండే వియ్యపురాలు రాజేశ్వరమ్మ దగ్గర మాత్రం ఆమె చీపురు మాట ఎత్తేది కాదు. తాను కంప్యూటర్లు నడుపుతానని చెప్పింది. అప్పటినుంచి ఆ ఇంట్లో సాలమ్మకు చాప పోయి కుర్చీ వచ్చింది. వచ్చే శనివారం తానే వచ్చి ఆఫీసు చూస్తానంది రాజేశ్వరమ్మ.

సరిగ్గా అప్పుడే విజయవాడ నుంచి టీం లీడర్‌గా తేజేష్ ఊడిపడ్డాడు. ఒక్కొక్కరు ముట్టుకునేది ఆరేడు ప్రాజెక్టులేనని కనిపెట్టి, మూటను చిన్న చిన్న మూటలుగా విడగొట్టాడు. నలభై నిమిషాల పని నిమిషంలోకి వచ్చింది. ఇక నొక్కక్కర్లేదండీ అని సాలమ్మకు ఎంతో మర్యాదగా చెప్పాడు. సాలమ్మకు ఏడుపొచ్చింది. వియ్యపురాలికి ఏం చూపించాలి, ఫినాయిల్ డబ్బానా?

వారమంతా ఎవరి మూట వాళ్ల దగ్గర బ్రహ్మాండంగా నడిచింది. శుక్రవారం మధ్యాహ్నం అన్నీ కలిపి చూస్తే తెర మీద తప్పులు చూపే నలభై ఒక్క ఎర్ర గీతలు. ఎక్స్‌రేవాళ్లు మార్చింది మందులకొట్టువాళ్లకు తెలియదు. మొత్తం మూట విప్పి చూసిన మనిషే లేడు మరి. అవన్నీ సరిచేయించాక, ఇకనుంచి రోజూ పొద్దున్నే ఒక కంప్యూటర్‌లోనైనా అన్నీ కలిపి నడిపి చూడాలని తిరుపతి తేల్చాడు. ఏడింటికి ఎవరొస్తారనేసరికి అందరూ గోడలు చూశారు.

బల్ల కింద తుడుస్తున్న సాలమ్మ తల ఎత్తకుండానే అంది: "నేను నొక్కుత. ఎర్రగైతే ఫోన్ జేస్త."

మరుసటి రోజు శనివారం. రాజేశ్వరమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చి, తిరిగే కుర్చీలో భయంభయంగా కూర్చుంది. సాలమ్మ నొక్కింది. నలభై నిమిషాల తర్వాత తెర నిండా ఎరుపు. సాలమ్మ కంగారు పడలేదు, గ్లాసు ఎక్కడుందా అని చూసింది. అది తేజేష్ బల్ల మీద ఉంది.

ఉప్పల్‌లో ఇడ్లీ తింటున్న తేజేష్‌కు ఫోన్ వెళ్లింది. "సారూ, నిన్న ఆఖరుకు గ్లాసు మీ కాడనే ఉన్నది. మీరు కలిపిందే ఎర్రగొచ్చింది. జర జల్ది రాండ్రి."

తేజేష్ రొప్పుతూ వచ్చాడు, సారీ అండీ అంటూ కూర్చున్నాడు, ఏదో సరిచేశాడు. ఎరుపు పోయింది. రాజేశ్వరమ్మ నోరు తెరిచి ఆ పెద్దమనిషినీ, సాలమ్మనూ మార్చి మార్చి చూసింది.

ఇంతలో గది ఊడవలేదని సాలమ్మకు గుర్తొచ్చింది. అలవాటు కొద్దీ తలుపు వెనక చీపురు తీసింది. తీశాక గానీ పక్కన ఎవరున్నారో తట్టలేదు. చచ్చానురా అనుకుంది.

రాజేశ్వరమ్మ లేచి, పట్టుచీర కొంగు నడుముకు దోపి, ఆ చీపురు లాక్కుంది.

"నువ్వు కంప్యూటర్ సూస్కో వదినె. గీ గది నేనూడుస్త."