మా గడప దాటని మూడు బల్బులు

మా తమ్ముడు స్టీలుప్లాంటులో మోటార్లకు వైండింగు చేసి రిటైరయ్యాడు. ఇంట్లో ఊరికే కూర్చోలేక ముందు ఫ్యాన్లన్నీ విప్పి బిగించాడు. తరవాత మా మరదలి మిక్సీ విప్పాడు. అది మళ్లీ బిగించడం కుదరలేదు. ఆ మర్నాడే చేతిసంచి పట్టుకుని గాజువాక నుంచి వచ్చి గోపాలపట్నంలో నా గుమ్మం ముందు దిగాడు.

"అప్పా, బావ రేడియో ఉందా, ఎవులికైనా ఇచ్చీసావా?"

మంచినీళ్లు కూడా తాగకుండా అడిగిన మొదటి మాట అది.

ఉంది. మా ఆయన పోర్టులో కలాసీ. మా పెళ్లయిన కొత్తలో పాత సామాన్ల కొట్లో కొన్నాడు ఆ చెక్కపెట్టె రేడియోని. ఆయన పోయేనాటికే పెట్టెకు చెదలు పట్టింది. లోపలున్న మూడు గాజు బల్బులు మాత్రం చెక్కుచెదరలేదు. వాల్వులంటారు వాటిని. అవి వేడెక్కి ఎర్రగా వెలిగితేనే రేడియో నోరు విప్పేది. ఆయన తీరికున్నప్పుడల్లా తువ్వాలుతో వాటిని తుడిచేవాడు, నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. అంత జాగ్రత్త పెళ్లాం మీద చూపించాడా అంటే, పోయిన మనిషి మీద ఇప్పుడెందుకులెండి.

ఆ బల్బులతో యాంప్లిఫయరు కడతానన్నాడు తమ్ముడు. ఫోనులో పాట పెడితే దాన్ని గది నిండా వినిపించే పెట్టె అన్నమాట.

"అలాటి పెట్టెలు ద్వారకా నగర్లో కొట్ల నిండా ఉంటాయి కదరా. కొనుక్కో."

"ఆటి పాట సల్లగా ఉంటాదప్పా. దీని పాట ఎచ్చగా ఉంటాది."

"పాట ఎచ్చగా ఉండడమేట్రా, ఉప్మాయా?"

పైకి నవ్వాను గానీ లోపల బెంగగానే ఉంది. అలాంటి బల్బులు ఇప్పుడు దొరకడం కష్టమట, వాడే చెప్పాడు. ఒకటి మాడిపోయినా ఇక అంతే. ఆయన బట్టలు ఎప్పుడో పంచేశాం. ఆయన చెయ్యి పడిన వస్తువు ఇంట్లో ఇదొక్కటే మిగిలింది. ఇవ్వనంటే తమ్ముడి మొహం చూడలేను. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాను.

"ఇక్కడే కట్టుకో. నీ పెట్టె పాడనీ, మాననీ, బల్బులు మాత్రం నా గడప దాటకూడదు."

"సర్లే అప్పా," అన్నాడు. ఆ మాట వాడి చెవి దాకా వెళ్లినట్టు లేదని అప్పుడే అనుకున్నాను.

ఇక రోజూ పొద్దున్నే దిగేవాడు. ఒకరోజు మార్కెట్టు నుంచి వచ్చేసరికి నా అల్యూమినియం ట్రే బోర్లా పడి ఉంది, దానికి మూడు పెద్ద కన్నాలు. బల్బులు నిలబెట్టడానికట. ట్రాన్స్‌ఫార్మరు సొంతంగా చుట్టుకున్నాడు. వసారాలో కూర్చుని చుట్టు చుట్టుకీ లెక్క పెట్టుకుంటూ సన్నటి రాగితీగ చుట్టేవాడు. ఆ లెక్క తప్పకూడదు. నేనా, ఏళ్లతరబడి మార్కెట్లో వంకాయలు అరిచి అమ్మినదాన్ని. నా గొంతు రంపంలా ఉంటుంది. వీధిలో ఎవరినో కేకేసేసరికి వాడి లెక్క కాస్తా పోయింది.

"అప్పా! మొత్తం ఇప్పి మల్లీ సుట్టాల!"

"నానేటి సేసాన్రా?"

"నీ గొంతుకుండగా ఈ ఇంటికి యాంప్లిఫయరెందుకో నాకు తెలీడం నేదు."

నేను చెబుతుంటే ఇది రాస్తున్న మా అమ్మాయి ఇక్కడ నవ్వుతోంది. నవ్వనీండి, దాని గొంతూ నా గొంతే.

కరెంటు పెట్టి చూసేటప్పుడు వాడు ఒక్క చెయ్యే ముందుకు చాపేవాడు. రెండో చెయ్యి వెనక లుంగీ ముడిలో దోపుకునేవాడు. రెండు చేతులూ పెడితే కరెంటు ఒక చేతిలోంచి దూరి, గుండె మీదుగా రెండో చేతిలోంచి పోతుందట. ప్లాంటులోనైతే ప్యాంటు జేబులో పెట్టుకునేవాడు, లుంగీకి జేబెక్కడిది? పైగా స్విచ్చి ఆపేసినా లోపల కరెంటు చాలాసేపు దాక్కుని ఉంటుందన్నాడు.

"మరదలి కోపంలాగన్నమాట," అన్నాను.

"అదైతే కొంతసేపటికి దిగుద్ది. నీ మరదలిది దిగదు."

పెట్టె పూర్తయ్యేసరికి దసరా వచ్చింది. మంచిరోజు, ఆయుధపూజనాడే వెలిగిద్దామన్నాడు. ఆ పొద్దున నేను వంటింట్లో ఉండగా వాడు పూజ మొదలుపెట్టేశాడు. ట్రాన్స్‌ఫార్మరుకు పసుపు, కుంకుమ. మూడు బల్బులకూ గంధం బొట్లు. తమలపాకుతో పసుపునీళ్లు చిలకరించాడు. నేను వచ్చి కూర్చోగానే స్విచ్చి వేశాడు. బల్బులు మెల్లగా ఎర్రబడ్డాయి. గంధం వాసన గుప్పుమంది. పాట వస్తుందని చూస్తుంటే చరచరమని వేపుడు చప్పుడు వచ్చింది.

వాడు స్విచ్చి లాగేశాడు.

"పోనాదప్పా. వాల్వు మాడిపోనాది. వాసనొస్తంది సూడు."

నేను పెట్టె మీదికి వంగాను. వాసన చూస్తే తెలిసినదే.

"వాల్వు వాసన మాడిన పసుపులా ఉంటాదేట్రా? ఏటి సేసావ్?"

"పూజ సేసాను. ప్లాంటులో ప్రతి దసరాకీ క్రేన్లకి ఇలాగే సేసీవోళ్లం."

"క్రేను తడిస్తే ఏటవుద్ది? వానలో నిలబడ్డదే కదా! దీనికి స్నానం సేయించావేట్రా?"

పసుపునీళ్లు బల్బుల కిందికి, అవి దిగే గుంటల్లోకి కారిపోయాయి. అందుకే కరెంటు తోవ తప్పి చిటపటలాడిందని వాడికప్పుడు తట్టింది. దాక్కున్న కరెంటు పోయేదాకా ఆగి, బల్బులు చల్లారాక ఊడదీశాడు. గుంటల్ని స్పిరిట్టు దూదితో తుడిచాడు. గాజు మీది బొట్లు తడిగుడ్డతో మెల్లగా తీశాడు. బల్బుల్ని చేటలో పెట్టి వడియాల పక్కన ఎండలో ఉంచాం. కాకులు రాకుండా నేను కర్ర పట్టుకుని కూర్చున్నాను. వడియాలకు ఏనాడూ అంత కాపలా కాయలేదు.

మధ్యాహ్నం బల్బులు బిగించి మళ్లీ కరెంటు పెట్టాడు. ఈసారి వాడు స్విచ్చికి దణ్ణం పెట్టాడు, అంతవరకే. బల్బులు ఎర్రబడ్డా కాసేపు చప్పుడే లేదు. మా ఆయనా అంతే, టీ పడితే గానీ మాట వచ్చేది కాదు. తరవాత ఫోనులో పెట్టిన సన్నాయిని పెట్టె అందుకుంది. ఎచ్చగానే ఉంది, వాడికి చెప్పలేదు గానీ.

సాయంత్రం పెద్ద సంచి తీశాడు, పెట్టె గాజువాక పట్టుకెళ్లడానికి.

"డబ్బా నీది, తీసుకుపో. బల్బులు మీ బావవి. ఒగ్గీసెల్లు."

"బల్బుల్నేని డబ్బాతో ఏటి సేసుకోనప్పా?"

"నా ట్రే ఎలాగూ పోనాది. ఇడ్లీలెట్టుకో."

వాణ్ని గుమ్మంలోనే ఉంచి, లోపల్నుంచి మరదలికి ఫోను చేసి సంగతి చెప్పాను.

"మీ ఇంటికాడే ఉంచీండి వదినా," అంది. "పెట్టెనీ, ఆయన్నీ."

పెట్టె మా ఇంట్లోనే ఉండిపోయింది. అంతకుముందు పండక్కో పబ్బానికో వచ్చే తమ్ముడు ఇప్పుడు ఆదివారం ఆదివారం చేపలు పట్టుకుని వస్తున్నాడు. స్విచ్చి వాడే వేస్తాడు, పాట వాడి ఇష్టం. స్విచ్చి వేసే ముందు తువ్వాలుతో బల్బులు తుడిచేది మాత్రం నేను. వాడు చెయ్యి చాపాడంటే ఆ చేతి మీద ఒకటి వేస్తాను.