నూరుసార్లు కడిగిన నెయ్యి

నా చిన్నప్పుడు మా ఇంట్లో గొర్రెలకూ నాకూ ఒకటే మందు. ఇప్పుడు చెబితే మనవరాళ్లు నవ్వుతారు. వాళ్లతో పాటు నేనూ నవ్వుతాను గానీ, ఆ రోజుల్లో అందులో నవ్వేందుకు ఏమీ ఉండేది కాదు. మాది మార్కాపురం తాలూకాలో, కొనకనమిట్ల వైపు ఒక చిన్న పల్లె. మద్రాసు నుంచి దొరలు ఏలుతున్న కాలం. మా నాయనకు ఒక గొర్రెల మంద, ఇంటి పాడికి ఒక గేదె, కాస్త మెట్ట పొలం ఉండేవి. వాన పడితే కొర్రలో సజ్జలో పండేవి, పడకపోతే ఆ గొర్రెలే మాకు దిక్కు.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచే ఒళ్లు బాగుండేది కాదు. మోచేతుల మడతల్లో, మోకాళ్ల వెనక, మెడ చుట్టూ చర్మం ఎర్రగా కంది, పొలుసులు లేచి, గోకితే రసి కారేది. కొన్నాళ్లు తగ్గేది. తగ్గిందని అమ్మ దేవుడికి టెంకాయ కొట్టిన వారానికే మళ్లీ లేచేది. ఇప్పటి డాక్టర్లు దానికి ఎగ్జిమా అని పేరు చెబుతున్నారు. అప్పట్లో మా ఊళ్లో ఒంటి మీద ఏది లేచినా గజ్జి అనే అనేవాళ్లు. నొప్పి అని ఏడిస్తే ఎవరైనా దగ్గరికి తీస్తారు. దురద అని ఏడిస్తే గోకొద్దని తిడతారు. తోటి పిల్లలు వాళ్ల అమ్మలు చెప్పినట్టు నన్ను తాకకుండా ఆడుకునేవాళ్లు. నేనూ గోడకు ఆనుకుని వీపు రుద్దుకుంటూ చూస్తుండేదాన్ని.

గొర్రెల గజ్జి సంగతి మావాళ్లకు బాగా తెలుసు. పొగాకు కాడలు ఉడకబెట్టి, ఆ నీళ్లలో గంధకం కలిపి పట్టిస్తే, ఒంటి మీద బొచ్చు రాలిపోయిన గొర్రె కూడా కొన్ని వారాల్లో మళ్లీ నిండుగా తయారవుతుంది. మా మందలో చాలా జీవాలు ఆ మందుతోనే బతికాయి. చర్మానికి వచ్చిన జబ్బుకు ఘాటు మందు పడాలని, బాగా మండాలని, మండాక అది పోయి తీరుతుందని మా నాయన నమ్మకం. నా మీద ప్రేమ లేక కాదు, ఉండబట్టే ఆ పని చేశాడు. అప్పుడు నాకు ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో. చలికాలంలో ఒక పొద్దున, పుండ్లు పడిన నా ఒంటికి ఆ పొగాకు కషాయం పట్టించి, గొంగడి కప్పి, ఎండలో కూర్చోబెట్టాడు.

మొదట మంట పుట్టింది. మందు పని చేస్తోందని నాయన సంతోషపడ్డాడు. కాసేపటికి నాకు కళ్లు తిరిగాయి. తిన్నదంతా కక్కేశాను. చెమటలు పోసి కాళ్లూ చేతులూ చల్లబడిపోయాయి. అమ్మకు పైప్రాణాలు పైనే పోయాయి. ఇంట్లో ఉన్న తాగే నీళ్లన్నీ నా మీద కుమ్మరించి కడిగింది. సాయంత్రానికి తేరుకున్నాను గానీ, చాలా చోట్ల తోలు లేచిపోయింది. ఆ తర్వాత ఎన్నో రోజులు నాయన నా ముఖం చూడలేకపోయాడు. నేను ఇంట్లో ఉంటే ఆయన మంద దగ్గరే ఉండిపోయేవాడు.

ఈ కబురు విని అర్ధవీడు నుంచి మా మేనత్త వచ్చింది. నాయనకు పెద్దక్క. భర్త పోయాక కొడుకుల దగ్గర ఉండేది. చాలా తక్కువ మాట్లాడే మనిషి. వచ్చీ రాగానే నా ఒళ్లంతా ఒకసారి చూసింది, కప్పుకున్న గొంగడి లాగి అవతల పారేసింది.

"ఏందిరా ఇది? బిడ్డనుకున్నావా, పొట్టేలనుకున్నావా?" అంది నాయనతో.

నాయన తల వంచుకుని బయటికి పోయాడు. గొర్రెలవాళ్ల ఇంట్లో పుట్టిన పిల్ల గొంగడి కప్పుకోకపోవడం ఏమిటని మా అవ్వ ఒక పూటంతా సణిగింది. అత్త వినిపించుకోలేదు. తన పెట్టెలోంచి ఉతికి ఉతికి మెత్తబడిన పాత చీర తీసి, నాలుగు మడతలు వేసి నాకు కప్పింది. ఉన్ని గీసుకోకుండా నేను నిద్రపోయిన మొదటి రాత్రి అదే.

మర్నాటి నుంచి అత్త పద్ధతి మొదలైంది. అది వైద్యంలాగే ఉండేది కాదు. రోజూ ఒక్కసారి స్నానం, అదీ గోరువెచ్చని నీళ్లతో. అందులో కాస్త పల్చటి గంజి కలిపేది. కుంకుడు రసం ఒంటికి తగలనిచ్చేది కాదు, బీరపీచు జోలికి పోనిచ్చేది కాదు. నీళ్లు పోశాక తుడవడం కూడా ఉండదు, పాతగుడ్డతో ఊరికే అద్దడమే. ఆ తడి పూర్తిగా ఆరకముందే నెయ్యి రాసేది. నా గోళ్లను పలకరాయి ముక్క మీద మెల్లగా అరగదీసి నున్నగా చేసేది. అంతే. మండేది ఒక్కటి కూడా లేదు. ఇంత మెత్తటి పనులతో ఏం తగ్గుతుందని అందరికీ అనుమానమే.

అందరికంటే అమ్మకు కష్టమైంది. మా ఊరి బావి దూరం. అందులోనూ నీళ్లు అడుగంటితే మెట్లన్నీ దిగి చెంబుతో తోడి కడవ నింపాలి. "రోజూ ఒక కడవ ఈ పిల్లకే అంటే ఎట్ల వదినా? నా నడుము పడిపోతాది. ఎన్నాళ్లు పోయాల?" అని అడిగింది.

"ఒక్క మండలం. నలభై దినాలు తాళు చాలు" అంది అత్త.

నలభై రోజులంటే ఎవరైనా ఓర్చుకుంటారు. అమ్మ సరేనంది. నేను గోడ మీద బొగ్గుతో రోజుకొక గీత గీయడం మొదలుపెట్టాను.

ఆ రాసే నెయ్యి కూడా ఊరికే రాసేది కాదు. ఇత్తడి పళ్లెంలో నెయ్యి వేసి, దోసెడు నీళ్లు పోసి, అరచేతులతో గుండ్రంగా రుద్దాలి. ఆ నీళ్లు ఒంపేసి మళ్లీ పోసి మళ్లీ రుద్దాలి. అట్లా నూరుసార్లు కడిగితే నెయ్యి జిడ్డు వాసన పోయి, తెల్లగా, మెత్తగా అయిపోతుంది. ఒకసారి చేస్తే కొన్ని రోజులు వచ్చేది. ఒంపిన నీళ్లు అమ్మ గేదెకు పట్టేది. ఆ కడిగే పని అత్త నాకే అప్పజెప్పింది. దురద ఎక్కువయ్యే సాయంత్రం పూట కూర్చోబెట్టేది. లెక్క తప్పితే మందు పని చేయదని భయపెట్టింది. నేను నమ్మాను. రెండు చేతులూ చల్లటి నీళ్లలో ఉండి, మనసు లెక్క మీద ఉంటే, గోక్కోవడానికి ఏమీ మిగలదన్న సంగతి చాలా ఏళ్లకు గానీ నాకు తట్టలేదు.

మొదటి వారం కొత్త గనుక బాగానే ఉంది. రెండో వారానికి విసుగొచ్చింది. మూడో వారానికి నాకూ విసుగే, అమ్మకూ విసుగే. అమ్మ కడవ దించేటప్పుడు ఆ చప్పుడులోనే తెలిసేది. పొద్దున లేవగానే ఇదే పని, నిన్న చేసిందే, రేపు చేయబోయేదే. ఆడుకోవడానికి పోబోతే అత్త గిన్నెతో ఎదురయ్యేది. అయినా పుండ్లు మానాయి. పొలుసులు రాలిపోయాయి. మోచేతి మడతలో చాలా ఏళ్ల తర్వాత మామూలు చర్మం కనిపిస్తే, అది నాదేనా అని వేలితో తడిమి చూసుకున్నాను.

నలభయ్యో గీత గీసిన రోజు అమ్మ కడవను బోర్లించి, అక్కడే కూలబడి, హమ్మయ్య అనుకుంది. నేను ఊరంతా తిరిగి వచ్చాను. మర్నాడు పొద్దున లేచేసరికి పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి. ఆ వయసులో అత్త తానే పోయి కడవ తెచ్చుకుంది. పక్కన నెయ్యి పళ్లెం.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. అయిపోయింది కదా అని అరిచాను. అయిపోలేదు, దగ్గరికి రా అంది అత్త. నేను కాలితో పళ్లెం తన్నాను. తెల్లటి నెయ్యి మట్టి నేల మీద పడిపోయింది. మా ఇంట్లో నెయ్యి నేలపాలు చేయడమంటే వీపు విమానం మోత మోగాల్సిన నేరం. దెబ్బల కోసం కళ్లు మూసుకున్నాను.

అత్త తలుపు దగ్గరికి వేసి వచ్చి నా ముందు కూర్చుంది. రెండు చేతులూ చాపి చూపించింది. నున్నగా ఉన్నాయి. తర్వాత అటు తిరిగి, వీపు మీది పైట తీసింది. నడి వీపు మీద రెండు అరచేతుల వెడల్పున చర్మం నల్లగా మందమెక్కి, నెర్రెలు బారి ఉంది. నెర్రెల్లో ఎర్రగా రక్తం చారలు. అట్లాంటిది నా ఒంటి మీద కూడా నేనెప్పుడూ చూడలేదు.

"నాదీ నీ ఒళ్లే పాపా. పుట్టినప్పటి నుంచి ఇంతే. రోజూ రాసుకుంటా గాబట్టి చేతులు ఇట్ల ఉండాయి. వీపుకు నా చెయ్యి పోదు. మీ మామ ఉన్నన్నాళ్లు ఆయన రాసినాడు. ఆయన పోయి ఆరేండ్లాయె."

మరి మండలమని ఎందుకు చెప్పావని అడిగాను. అప్పటికే నాకు ఏడుపొస్తోంది.

"జన్మంతా అని చెప్పింటే మీ అమ్మ ఆ పొద్దే కడవ దించేసేది. నలభై అంటే మోసింది. నీకు ఈ మాత్రం మంచి ఒళ్లు ఎట్ల ఉంటాదో తెలిసింది."

"విసుగు పుట్టదా అత్తా?"

"పుడతాది. రోజూ పుడతాది. పుట్టినా రాసుకోవాల."

అని అత్త ముందుకు వంగింది. నేల మీద పడిన నెయ్యి పైపైన తీసి పళ్లెంలో వేసింది. తర్వాత, నా వైపు తిరగకుండానే, చాలా మెల్లగా అడిగింది. "ఈ పొద్దు నాకు కొంచెం రాస్తావా?"

అప్పటిదాకా నా చేతులు తగలకూడదని చెప్పినవాళ్లే గానీ, తాకమని అడిగినవాళ్లు నాకు ఎవరూ లేరు. నెయ్యి తీసుకుని ఆ నెర్రెల మీద అద్దాను. ఎక్కడ మండుతుందోనని భయం. అత్త ఏడవలేదు. ఊపిరి మాత్రం పొడుగ్గా వదిలింది, భుజాలు రెండూ కిందికి జారాయి. ఎంతసేపు రాశానో గుర్తులేదు. రాశాక నా వంతు వస్తే గొడవ చేయకుండా కూర్చున్నాను.

అమ్మకు ఈ సంగతి ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఆ మర్నాడు తెల్లవారేసరికి ఒక కడవ నిండి పొయ్యి పక్కన ఉంది. ఎన్నాళ్లని అమ్మ మళ్లీ అడగలేదు. నాయన ఒక జత పాత పంచెలు తెచ్చి, మెత్తగా ఉన్నాయి, పిల్లకు పనికొస్తాయని అవ్వ చేతికిచ్చి పోయాడు. అత్త ఇంకో పది రోజులుంది. ఆ పది రోజులూ ఆమె వీపుకు నేనే రాశాను. తర్వాత అర్ధవీడుకు వెళ్లిపోయింది. అక్కడ ఎవరు రాశారో, అసలు రాశారో లేదో నాకు తెలియదు. అడగాలని కూడా తోచలేదు నాకు. ఈ వయసులో తలుచుకుంటే నాకు బాధగా ఉండేది ఆ ఒక్క విషయమే.

నాకిప్పుడు ఎనభై దాటాయి. నెయ్యి పోయి ట్యూబు మందు వచ్చింది గానీ, పని అదే. గోరువెచ్చని నీళ్లు, అద్దుకోవడం, రాసుకోవడం. మానేసిన రోజులు ఉన్నాయి, మానేసినందుకు పడిన అవస్థలూ ఉన్నాయి. జబ్బు పూర్తిగా పోతుందని చెప్పిన వాళ్ల మందులు మాత్రం మళ్లీ ఎప్పుడూ వాడలేదు. రోజూ విసుగు పుడుతుంది, పుట్టినా రాసుకుంటాను.

రెండేళ్ల కిందట భుజం పట్టేసి చేయి వెనక్కి పోవడం మానేసింది. కొన్ని వారాలు వీపును అట్లాగే వదిలేశాను. అది పగిలి, జాకెట్టుకు నెత్తురు అంటుకోవడం మొదలైంది. ఒకరోజు మందు పట్టుకుని వంటింటి గడప దగ్గర చాలాసేపు నిలబడ్డాను. కోడలు అటు తిరిగి పనిలో ఉంది. ఇంత వయసొచ్చాక ఒళ్లు చూపించడమేమిటని ఒకసారి వెనక్కి తిరిగాను కూడా. చివరికి పిలిచాను. అమ్మాయీ, కాస్త నా వీపుకు రాసిపెడతావా అన్నాను. అంత చిన్న మాట. ఇంటి నిండా మనుషులుండీ మా అత్త ఆరేళ్లు ఎవరినీ అడగలేకపోయింది. నన్ను అడిగింది.