కారు ఇంట్లో పెట్టి కరీంనగర్‌కు

నాకు కారుంది. అందుకే ఎక్కడికి వెళ్లినా బస్సులోనో రైల్లోనో వెళతాను. ఇందులో వింతేమీ లేదు. తొమ్మిదేళ్ల కిందట, బొగ్గు బాయిలో రిటైరైన ఏడాది, కరీంనగర్ షోరూంలో ఈ డీజిల్ కారు కొన్నప్పుడు చేతిలో ఒక చిన్న పుస్తకం పెట్టి, లక్ష కిలోమీటర్ల దాకా వారంటీ అన్నారు. రెండేళ్లు అదనంగా కావాలంటే ఇంత కట్టండన్నారు, కట్టాను. లక్ష అంటే మాటలు కాదు. ఒక్కో కిలోమీటరూ ఆచితూచి వాడుకున్నాను. ఇవాళ్టికి మీటరు మీద పద్దెనిమిది వేలే ఉన్నాయి. బెల్లంపల్లిలో మా వాడకట్టున ఇంత కొత్తగా ఉన్న పాత కారు ఇంకొకరికి లేదు.

ఈ ప్రయాణం మా ఆవిడ రాజేశ్వరి మోకాళ్ల వల్ల వచ్చింది. ఆమె అక్క ఉట్నూరులో ఉంటుంది. ఏడాదిన్నరగా అక్కాచెల్లెళ్లు ఫోన్లోనే కలుసుకుంటున్నారు, ఎందుకంటే రాజేశ్వరి బస్సు మెట్టు ఎక్కలేదు. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక ఎన్నో రోజులు గడవకముందే ఆమె మోకాళ్లు మొరాయించాయి. ఇంత చేతికందిన లాభం పోయిందే అని నేను చాలా రోజులు బాధపడ్డాను. వచ్చే ఆదివారం అక్క మనవడి పుట్టువెంట్రుకలు. "ఈసారి కార్ల పోదాం" అంది రాజేశ్వరి. సరే అన్నాను.

దూర ప్రయాణం కదా అని మా వీధి చివరి మెకానిక్ సలీంకు చూపించాను. అతను ఇంజన్ పక్కనున్న మూత విప్పి, లోపలి బెల్టును వేలితో వంచాడు. వంచిన చోట సన్నటి పగుళ్లు కనిపించాయి.

"కాకా, గిది టైమింగ్ బెల్టు. ఎండిపోయింది. గిట్లనే పోతే జన్నారం అడవిల తెగుతది. తెగిందా, లోపల వాల్వులు వంగి ఇంజనే విప్పాల్సొస్తది."

"నాకు వారంటీ ఉంది" అన్నాను ధీమాగా.

ఆ ధీమాతోనే గురువారం పొద్దున ఆరూ నలభై ప్యాసింజర్‌కు స్టేషన్ చేరాను. వారంటీ పుస్తకం ప్లాస్టిక్ కవరులో, కవరు చేతిసంచిలో. పుస్తకం చూపించి, బండిని లాక్కెళ్లడానికి మనుషుల్ని పంపమనడం నా పథకం. పెద్దపల్లి దాకా టికెట్ ముప్పై రూపాయలు. రైలు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఎడమా కుడీ చూసుకోకుండా కిటికీ దొరికిన చోట కూర్చోండి, మంచిర్యాల దాటాక గోదావరి రెండు వైపులా కనిపిస్తుంది. ఈ నెలలో నీళ్లకన్నా ఇసుకే ఎక్కువ.

తొమ్మిదింటికి ముందే పెద్దపల్లిలో దిగి, స్టేషన్ బయట బండి మీద ఇడ్లీ తిన్నాను. చట్నీ పలుచన, వేడి మాత్రం ఉంది. తొమ్మిదింబావుకు కరీంనగర్ బస్సు దొరికింది. పక్క సీట్లో సిరిసిల్ల ఆయన కూర్చున్నాడు. మరమగ్గాల పని, వియ్యంకుల ఇంటి నుంచి తిరిగి వెళుతున్నాడు. ఎక్కడికి పోతున్నారంటే నా బెల్టు సంగతి చెప్పాను. పద్దెనిమిది వేలే తిరిగిందని కూడా చెప్పాను, అది చెప్పకుండా నేను ఎవరితోనూ మాట ముగించను.

ఆయన తన మగ్గాల మాట ఎత్తాడు. "మాకాడ సాంచాలకు బెల్టులుంటయి సారూ. ఆర్డర్లు లేక మూడు నెలలు బందు పెట్టినమనుకో, మళ్ల సురువు జేసిననాడే తెగుతయి. నడిచేటివి మంచిగనే ఉంటయి."

మగ్గానికీ కారుకూ పోలికేమిటని మనసులో అనుకుని, కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాను.

పదీ పదికి కరీంనగర్ బస్టాండు. ఆటో అరవై అడిగాడు, యాభైకి వచ్చాడు. షోరూంలో చల్లగా ఉంది, మంచినీళ్లు ఇచ్చారు, టీ ఇచ్చారు. ఇంత మర్యాద చేస్తున్నారంటే పని ఉచితమేననిపించింది. సర్వీసు విభాగంలో పాతికేళ్ల అబ్బాయి నా పుస్తకాన్ని రెండు చేతులా అందుకున్నాడు.

"బుక్కు మస్తు నీట్‌గ ఉంచిండ్రు సార్. గిట్ల ఎవరూ ఉంచరు."

నేను పొంగిపోయాను. అతను పేజీ తిప్పి వేలు పెట్టి చూపించాడు. వారంటీ ఐదేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు, ఏది ముందైతే అది. నేను కట్టిన రెండేళ్లు కలిపితే ఏడు. అవి నిండి రెండేళ్లయింది.

"కానీ బండి తిరగలేదు కదా బాబూ. ఇంకా ఎనభై రెండు వేల కిలోమీటర్లు మిగిలాయి."

"మిగిలినయి వాపస్ ఇయ్యరు సార్" అన్నాడు అతను, నవ్వకుండా. తర్వాత మెల్లగా ఇంకో పేజీ తిప్పాడు. "వారంటీ ఉన్నా గీ బెల్టుకు రాకపోతుండె. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, బెల్టులు, ఇవన్నీ అరిగే సామాను. అరిగే సామానుకు వారంటీ ఉండది. బెల్టు ఆరేండ్లకొకసారి మార్పియ్యాలె, బండి నడిచినా నడ్వకున్నా."

నడిచినా నడవకున్నా. ఆ మాట నాకు కొత్త కాదు. ఎందుకంటే నేను ముప్పై ఏళ్లు బాయి మీద చేసిన పని, మనుషుల్ని లోపలికి దింపే లిఫ్టు ఇంజన్ నడపడం. ఆ లిఫ్టును మోసే ఇనుప తాడుకు ఒక గడువుంటుంది. గడువు నిండిందంటే తాడు తళతళ మెరుస్తున్నా, ఒక్క పోగు తెగకపోయినా విప్పి పారేయాల్సిందే. ఒకసారి సమ్మె వల్ల బాయి చాలా రోజులు మూతపడింది. తెరిచాక కొత్తగా వచ్చిన ఆఫీసరొకడు, ఈ తాడు ఇన్నాళ్లు ఊరికే ఉంది కదా, ఇంకొన్నాళ్లు వాడదామన్నాడు. తాడు దానికదే ముసలిదైతది సారూ, దానికి సమ్మె ఉండదు అని పదిమందిలో వాణ్ణి కడిగేసింది నేనే. అదే నేను ఇంటికొచ్చి నా కారును దుప్పటి కప్పి తొమ్మిదేళ్లు ఊరికే ఉంచాను.

ఈ దారిన వచ్చేవారి కోసం ధరలు రాస్తున్నాను. బెల్టు, దాన్ని బిగించి పట్టే చక్రాలు కలిపి కిట్టు తొమ్మిది వేల ఐదు వందలు. షోరూంలో వేస్తే కూలి నాలుగు వేలు. నీళ్ల పంపు కూడా అప్పుడే మార్చుకోమంటారు, అది ఇంకో మూడు. మార్చకుండా తెగనిస్తే డెబ్బై వేలకు తక్కువ కాదన్నాడు. బండి లాక్కురావడం దండగ, కిట్టు ఇవ్వండి, మా సలీం వేస్తాడన్నాను. కిట్టు ఇస్తూ అతను చాలా మర్యాదగా చెప్పాడు, "బయట మెకానిక్ వేస్తే గీ కిట్టుకు వారంటీ ఉండది సార్."

బస్టాండు ఎదురుగా భోజనం నూట ఇరవై. పప్పు బాగుంది, నాకే తినబుద్ధి కాలేదు. రెండున్నర బస్సుకు పెద్దపల్లి చేరి, ప్లాట్‌ఫాం మీద గంట కూర్చుని, నాలుగూ ముప్పావుకు రైలెక్కాను. రామగుండం దాటుతుండగా ఇంటి నుంచి ఫోన్ వచ్చింది.

"ఏమన్నరు?" అంది రాజేశ్వరి.

"వారంటీ అయిపోయిందట. రెండేళ్లయింది."

"రెండేండ్ల కిందనా." లెక్క వేసుకుంది. "గప్పుడు నేను బస్సు ఎక్కుతనే ఉంటి."

ఆమె దెప్పలేదు. దెప్పితే బాగుండేది. వారంటీ ఉన్న ఏడేళ్లూ ఆమె ఉట్నూరుకు బస్సులో నిలబడి వెళ్లింది, ఆ ఏడేళ్లూ నేను కారును కాపలా కాశాను. కొత్త బెల్టు కొన్నాను, శనివారం సలీం వేస్తాడు, ఆదివారం తెల్లవారకముందే బయల్దేరదామని గబగబా చెప్పాను.

"గా కొత్త బెల్టు ఎన్ని దినాలొస్తదట?"

"ఆరేళ్లు."

రైలు గోదావరి వంతెన మీదికి వచ్చింది.

"గీ ఆరేండ్లు గూడ దాస్తవా?" అంది.

దాయనన్నాను. సరే, పైలంగ రా అని ఫోన్ పెట్టేసింది. నమ్మినట్టు నాకు అనిపించలేదు.